మీకు తెలుసా? పులికి దారి చూపే దయ్యం

చెడ్డపనికి కొమ్ముకాసేవాణ్ణి చైనీయులు పులికి ‘ఛాంగ్’ అయినవాడంటారు. పులి నోట పడి చచ్చిన మనిషి ఛాంగ్ అనే దయ్యమై, అదే పులికి మరో మనిషిని పట్టిస్తాడని వాళ్ల పాత నమ్మకం. ఎంత భయంకరమైన ఊహ!

ఇంకో నానుడి రాజులది. చిన్ సామ్రాజ్యం కూలాక తిరుగుబాటు నాయకుడు లియు బాంగ్ ఆ రాజభవనాల వైభవం చూసి అక్కడే ఉండిపోబోతే, అది పూర్వకాలపు క్రూరుడైన జియె రాజుకు తోడ్పడటమేనని అతని సలహాదారు జాంగ్ లియాంగ్ హెచ్చరించాడట. చరిత్రకారుడు సిమా చియాన్ రాసిన సంగతి ఇది. తర్వాత ఈ నానుడిలో జియె బదులు షాంగ్ వంశపు చివరి రాజు జౌ పేరు వాడుకలోకొచ్చింది.

ఇవి నీతి చెప్పే మాటలు. ఇంగ్లిష్‌లో వీటికి దగ్గరివి ఎక్కువగా కోర్టు మాటలు కావడంతో ఇంగ్లిష్ నేర్చుకునే చైనా విద్యార్థులు తేడా గమనించి వాడాలి. ‘ఎయిడ్’ సాయపడటం, ‘అబెట్’ ఉసిగొల్పడం. చట్టంలో ఇవి జంటగా వస్తాయి. ‘అకంప్లిస్’ నేరంలో పాలుపంచుకున్నవాడు. ‘యాక్సెసరీ’ నేరం జరిగిన చోట లేకపోయినా ముందో వెనకో సాయం చేసినవాడు. ‘కంప్లిసిట్’ మాత్రం తెలిసీ నోరు మెదపనివాడికీ తగులుతుంది. వీటిలో బాగా నేర్చుకోవాల్సింది అదే. పత్రికల్లో తరచూ కనిపిస్తుంది.

ఇంగ్లండ్‌లో 1861 నాటి చట్టం ప్రకారం, తీవ్రమైన నేరానికి సాయపడినవాణ్ణీ అసలు నేరస్థుడిలాగే విచారించి శిక్షించవచ్చు.