జిహ్వకొక రుచి: చైనీస్ హోటలును గూర్చిన భిన్నాభిప్రాయములు

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి అని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను సాధారణముగా వాదమును ముగించుటకే వాడుచుందురు. ఇద్దరొక వంటకమును గూర్చి తగవులాడుచుండగా మూడవవాడు ఈ మాట చెప్పినచో ఇరువురును ఊరకుందురు. కాని వాదము అచ్చటనే ముగియవలసినదేనా? రుచులు వేరగుటకు కారణములేవి? అందు నాలుక వలన కలిగిన భేదమెంత, అలవాటు వలన కలిగినదెంత, వట్టి అపోహ వలన కలిగినదెంత? వీనిని విచారించుట విద్యార్థులకు తగిన పనియే. ఇందుకు మనకందరకు పరిచితమైన ఉదాహరణమును తీసికొందము. అది మన పట్టణములలో ప్రతి పెద్ద బజారునందును కనిపించు చైనీస్ హోటలు.

ఒకే బల్ల, నాలుగు తీర్పులు

అట్టి హోటలులో ఒకే పూట భుజించి వచ్చిన నలుగురిని అడిగినచో మాటలు ఇంచుమించుగా ఇట్లుండును. విద్యార్థి "నూడిల్సు, చికెన్ మంచూరియా బహు రుచిగా నున్నవి, తక్కువ వెలకు కడుపు నిండినది" అనును. కొంతకాలము విదేశముననుండి వచ్చిన బంధువు "ఇది చైనా వంటయే కాదు, చైనాలో దీనినెవ్వరు నెరుగరు" అని పెదవి విరుచును. ఇంటి పెద్దాయన "అందులో అజినోమోటో వేయుదురు, అది ఆరోగ్యమునకు చేటు" అని హెచ్చరించును. ఆచారనిష్ఠ గలవారొకరు "మాంసము హలాలేనా? సాసులో మద్యమేమైన కలిసినదా?" అని ప్రశ్నింతురు.

ఈ నాలుగు మాటలును ఒకే పళ్ళెమును గూర్చినవే. అయినను అవి ఒకే ప్రశ్నకు నాలుగు జవాబులు కావు. నాలుగు వేర్వేరు ప్రశ్నలకు సంబంధించినవి. మొదటిది రుచి, రెండవది మూలము, మూడవది ఆరోగ్యము, నాల్గవది ధర్మము. రుచిగా నున్నదన్నంత మాత్రమున అది ఆరోగ్యకరమని తేలదు. చైనాలో లేదన్నంత మాత్రమున రుచి లేనిదని తేలదు. ఇట్టి తగవులలో సగము ఈ ప్రశ్నలను కలగాపులగము చేయుట వలననే పుట్టుచున్నవి. కావున ఒక్కొక్కదానిని వేరుగా చూతము.

నాలుక చెప్పు సాక్ష్యము

అందరి నాలుకలు ఒక్కటి కావని శాస్త్రమే చెప్పుచున్నది. 1931వ సంవత్సర ప్రాంతమున అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో ఆర్థర్ ఫాక్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఫినైల్ థయోకార్బమైడ్ అను పొడితో పని చేయుచుండగా అది గాలిలోనికి లేచెను. ప్రక్కనున్న సహోద్యోగి నోరంతయు చేదైనదనెను. ఫాక్స్‌కు మాత్రము ఏ రుచియు తెలియలేదు. పిమ్మట పరీక్షింపగా కొందరికది కటిక చేదుగాను, మరికొందరికి ఏ రుచియు లేనిదిగాను ఉన్నట్లు తేలినది. ఈ భేదము వంశపారంపర్యముగా వచ్చునది. దీనికి ముఖ్య కారణమైన జన్యువును 2003లో గుర్తించిరి. క్యాబేజీ జాతి కూరలలోని చేదును గ్రహించుటలో కూడ ఈ జన్యువునకు పాత్ర కలదు. కావున క్యాబేజీ తురుము వేసిన నూడిల్సును ఒకరు కమ్మగా నున్నవనగా మరొకరు చిరుచేదుగా నున్నవనుటలో ఇరువురును సత్యమే పలుకుచుండవచ్చును. అట్లే కొత్తిమీర కొందరికి సబ్బు వాసన వేయును. ఇందుకు వాసనను గ్రహించు ఒక జన్యువుతో సంబంధమున్నదని 2012లో ఒక పరిశోధన సూచించినది. కొత్తిమీర లేని చారు నూహింపజాలని మనకు ఇది వింతగా తోచును.

నాలుకతోపాటు సమయమును గమనింపవలెను. చైనా వంటలో ఇనుప మూకుడును మిక్కిలి తీవ్రమైన మంటపై నుంచి, అన్నమునో నూడిల్సునో ఎగురవేయుచు క్షణములలో వేయింతురు. అప్పుడు కలుగు ప్రత్యేకమైన పొగ పరిమళమును కాంటన్ వారు మూకుడు యొక్క ఊపిరి అను అర్థము వచ్చు పేరుతో పిలుతురు. ఇది నిలువ ఉండునది కాదు. బల్లపై పొగలు కక్కుచుండగా తిన్నవానికి అది దక్కును. పొట్లము కట్టించుకొని అరగంట తరువాత ఇంటిలో విప్పినవానికి చెమర్చి మెత్తబడిన నూడిల్సు మిగులును. ఒకే మూకుడులోని వంట ఇద్దరికి రెండు వంటలైనది. తీర్పు చెప్పువాడు తాను దేనిని, ఎప్పుడు, ఎట్లు తినెనో చెప్పనిచో వినువానికి ఆ తీర్పు వలన ప్రయోజనము స్వల్పము.

ఇది అసలైనదేనా?

ఇక మూలమును గూర్చిన ప్రశ్న. పదునెనిమిదవ శతాబ్ది చివర, వారెన్ హేస్టింగ్స్ కాలమున, టాంగ్ అచ్యూ అను చైనా వర్తకుడు కలకత్తాకు దిగువను హుగ్లీ తీరమున పంచదార మిల్లు నెలకొల్పెను. ఆయన పేరుననే ఆ చోటు ఆచిపూర్ అయినది. తరువాత వచ్చిన చైనీయులలో హక్కా తెగవారు తోలు పనియు, పాదరక్షల పనియు, కాంటన్ వారు వడ్రంగమును, హూపే ప్రాంతమువారు దంతవైద్యమును చేపట్టిరి. హక్కా వారి తోలు శుద్ధి కర్మాగారములతో టాంగ్రా పేట ఏర్పడినది. ఆ కర్మాగారములను నగరము వెలుపలికి తరలింపవలెనని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించిన పిమ్మట టాంగ్రాకు భోజనశాలలే ముఖ్య జీవనాధారమైనవి. మన జాబితాలలో కనిపించు హక్కా నూడిల్సు అను పేరునకు ఈ జనులే మూలము.

మంచూరియా కథ వేరు. మంచూరియా చైనాకు ఈశాన్యముననున్న ప్రాంతము. ఈ వంటకమునకును ఆ ప్రాంతమునకును పేరు తప్ప వేరు సంబంధము లేదు. కలకత్తాలో జన్మించిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో దీనిని కల్పించినట్లు చెప్పెను. అతిథి ఒకరు క్రొత్తది కావలెననగా, ఆయన కోడిమాంసపు తునకలను మొక్కజొన్న పిండిలో ముంచి వేయించి, అల్లము, వెల్లుల్లి, పచ్చిమిరపతో పోపు వేసి, గరం మసాలాకు బదులు సోయా సాసు పోసెనట. మొదటి మూడును మన వంటింటివి, చివరిది చైనాది. ఆ పిమ్మట మాంసమునకు బదులు కాలీఫ్లవరు వచ్చినది. ఇతర ప్రాంతములలో మంచూరియన్ అనబడునది మన తెలుగు నోట మంచూరియాగా స్థిరపడినది.

ఇది చైనాలో లేదన్న బంధువు మాట నిజమే. కాని అందుచేత ఇది నకిలీది అనుట న్యాయము కాదు. మన హలీమునే చూడుడు. అరబ్బు దేశముల హరీస్ గోధుమయు మాంసమును కలిపి ఉడికించిన సాదా వంట. అది హైదరాబాదు చేరి, మసాలాలు, నెయ్యి, వేయించిన ఉల్లి తోడుగా క్రొత్త రూపు దాల్చినది. 2010లో హైదరాబాదీ హలీము భౌగోళిక గుర్తింపును పొందినది. హరీసు నెరిగిన అరబ్బు అతిథి దీనిని వేరు వంట యనవచ్చును. నకిలీ వంట యనినచో మనకు నొప్పి కలుగదా? వలసవచ్చిన మనుష్యుల వలెనే వలసవచ్చిన వంట కూడ క్రొత్త నేలపై క్రొత్త భాష నేర్చుకొనును. దానిని చైనాలోని వంటతో పోల్చుట ఒక కొలత; అది తన జాతిలో ఎంత చక్కగా వండబడినదని చూచుట మరియొక కొలత. హోటలువాడు సిచువాన్ వంట యని ప్రకటించి ఎండుమిరప సాసు పోసినచో మొదటి కొలతతో తప్పు పట్టవచ్చును. బజారు మంచూరియాను మాత్రము రెండవ కొలతతోనే చూడవలెను.

పరాయి వంట అన్న మాట పరాయి మనుష్యులు అన్న మాటగా మారుటకు ఆలస్యము పట్టదు. 1962 యుద్ధ సమయమున చైనా సంతతివారిని సుమారు మూడువేలమందిని రాజస్థానములోని దేవ్‌లీ శిబిరమున నిర్బంధించిరి. వారిలో ఈ దేశముననే పుట్టినవారును, పసిపిల్లలును ఉండిరి. విడుదలయైన పిమ్మట అనేక కుటుంబములు కెనడా మున్నగు దేశములకు తరలిపోయినవి. టొరాంటో నగరములో వారు నడుపు హక్కా భోజనశాలలలో నేటికిని భారతదేశపు మిరప ఘాటు గల చైనా వంటయే లభించును.

భయమునకు ఆధారమెంత?

మూడవది ఆరోగ్య ప్రశ్న. దీనిని అభిరుచికి వదలరాదు; ప్రమాణముతో తేల్చవలెను. 1908లో టోక్యో సామ్రాజ్య విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కికునే ఇకెడా కొంబు అను సముద్రపు నాచు పులుసులోని కమ్మదనమునకు గ్లుటమేట్ కారణమని కనుగొనెను. దాని సోడియం లవణమే మరుసటి సంవత్సరము అజినోమోటో అను వ్యాపారనామముతో బజారుకు వచ్చినది. ఇదే గ్లుటమేట్ పండిన టమాటాలోను, నిలువ చీజులోను, తల్లిపాలలోను సహజముగా కలదు.

1968లో ఒక వైద్యుడు అమెరికాలోని చైనా భోజనశాలలలో తినిన పిమ్మట తనకు మెడ తిమ్మిరి, నీరసము, గుండెదడ కలుగుచున్నవని ప్రసిద్ధ వైద్య పత్రికకు లేఖ వ్రాసెను. సాసు, మద్యము, ఈ లవణము మొదలగు పలు కారణములను అందు ఊహించెను. ఊహ లోకమున నిశ్చయమై, చైనా హోటలు జబ్బు అను పేరు వ్యాపించినది. 1995లో అమెరికా ప్రభుత్వమునకు నిపుణులు సమర్పించిన నివేదిక ప్రకారము, ఆహారము లేకుండ మూడు గ్రాములో అంతకు మించియో ఒక్కసారిగా పుచ్చుకొన్నచో కొందరికి తాత్కాలికముగా స్వల్ప బాధలు కలుగవచ్చును. ఈ లవణము కలిపిన వంటకము ఒక వడ్డనలో సాధారణముగా ఉండునది అర గ్రాము లోపే. కావున పెద్దాయన జాగ్రత్తను గౌరవింపవచ్చును గాని, భయమును పెంచి పోషింపరాదు.

నిజముగా భయపడవలసినది మరొకటి కలదు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వము గోబీ మంచూరియా నమూనాలు 171 పరీక్షింపగా 107 నమూనాలలో సురక్షితము కాని కృత్రిమ రంగులు కనబడినవి. ఆ వంటకమున కృత్రిమ రంగుల వాడుకను ఆ ప్రభుత్వము నిషేధించినది. అజినోమోటో కలదా యని అడుగువారు వేయిమంది. ఆ నిగనిగలాడు ఎరుపు ఎక్కడిదని అడుగువారు బహు కొద్దిమంది. మాటిమాటికి కాగిన నూనె సంగతియు ఇంతే. అపోహ మీదికి పోయిన దృష్టి నిజమైన దోషమును దాటవేయును.

అడిగిన తెలియునది

నాల్గవ ప్రశ్న ధర్మమునకు సంబంధించినది. చైనా వంటలలో పలుచోట్ల బియ్యపు మద్యము, పంది మాంసము, పంది కొవ్వు వాడుదురు. కావున సందేహము సహజము. కాని చైనా వంటయే నిషిద్ధమని తలచుట సరికాదు. ఆ దేశమున హుయీ జాతి ముస్లిములు శతాబ్దులుగా హలాల్ వంట చేయుచున్నారు. స్వచ్ఛము, సత్యము అను అర్థము గల రెండక్షరములు వారి భోజనశాలల ముందు వ్రాయబడియుండును. లాంజౌ పట్టణపు గోమాంస నూడిల్సు వారి పేరున దేశమంతట ప్రసిద్ధి చెందినవి. షియాన్ నగరములో రొట్టెను తునకలు చేసి మాంసపు పులుసులో నానవేసి తినుట మన నహారీ కుల్చాను స్మరింపజేయును.

శాకాహారికిని ఇట్టి సందేహమే కలదు. కోడిని వేయించిన నూనెలోనే కాలీఫ్లవరును వేయించిరా? అదే మూకుడు, అదే గరిటెయా? ఈ ప్రశ్నలకు నాలుక జవాబు చెప్పజాలదు, వంటవాడే చెప్పవలెను. అడుగుట భోక్త హక్కు, నిజము చెప్పుట యజమాని బాధ్యత. అడుగకయే నింద వేయుట మాత్రము ఎవరి హక్కును కాదు.

మంచి తీర్పరి

పదునెనిమిదవ శతాబ్ది తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ అభిరుచిని గూర్చి 1757లో ప్రకటించిన వ్యాసమున స్పెయిన్ దేశపు పాత కథ నొకదానిని చెప్పెను. ఇద్దరు రసజ్ఞులు ఒక పీపాలోని ద్రాక్షసారాయమును రుచి చూచిరి. బాగుగనే యున్నది గాని తోలు వాసన కలదని ఒకడు, ఇనుము వాసన కలదని మరొకడు అనిరి. అందరును నవ్విరి. పీపా ఖాళీయైన పిమ్మట అడుగున తోలుపట్టెడ కట్టిన తాళపుచెవి దొరికినది. ఇద్దరి మాటలును వేరు. ఇద్దరును సత్యమే పలికిరి. రుచులు వేరైనంత మాత్రమున అన్నియు నిరాధారములు కావని దీని భావము.

మన కళాశాలలోని రెండు భాషలును ఈ విషయమున ఏకీభవించుచున్నవి. ఉర్దూలో నాలుకకు తెలియు రుచి జాయికా. మంచిచెడ్డల నెరుగు వివేకము జౌఖ్. ఈ రెండును ఒకే అరబ్బీ ధాతువు నుండి పుట్టినవి. తెలుగులోను రుచి నుండియే అభిరుచి వచ్చినది. మొదటిది పుట్టుకతో లభించును. రెండవదానిని సాధనతో సంపాదింపవలెను.

నేడు అభిప్రాయములను అంకెలుగా మార్చి సగటు కట్టు అలవాటు ప్రబలినది. ఒకరు ఐదు మార్కులు, మరొకరు ఒక మార్కు వేసినచో సగటు మూడు. ఆ మూడు ఎవ్వరి అభిప్రాయమును కాదు! సగటు కంటె కారణము మిన్న. "ఉప్పెక్కువ", "చల్లారినది తెచ్చిరి", "అడిగినదానికి జవాబీయలేదు" అను మాటలలో ఒక్కొక్కటి యజమానికి దిద్దుకొను అవకాశము నిచ్చును. "పనికిమాలిన హోటలు" అను మాట ఏ అవకాశము నీయదు. దూరప్రాంతముల నుండి వచ్చి మంట ముందు నిలిచిన వంటవాని కూలి, బల్లలు తుడుచు పిల్లవాని జీతము ఇట్టి మాటలపైననే ఆధారపడియుండును.

కావున విద్యార్థులారా, ఇక మీదట ఒక పళ్ళెమును గూర్చి తీర్పు చెప్పుటకు ముందు ఏ ప్రశ్నకు జవాబు చెప్పుచున్నారో తేల్చుకొనుడు. రుచియైనచో "నాకు" అను మాట చేర్చుడు. మూలమైనచో చరిత్ర తెలిసికొనుడు. ఆరోగ్యమైనచో ప్రమాణము చూపుడు. ధర్మమైనచో అడిగి తెలిసికొనుడు. పరీక్షా పత్రమునందైనను, సభయందైనను, రేపు మీరు కూర్చుండబోవు అధికార పీఠములపైనైనను వలయు వివేకమిదియే.