చైను ఎందుకు గరగరమంటుంది?

2010 జూలై 19. టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెం పిరనీస్ పర్వతాలలో సాగుతున్నది. మొత్తం మీద మొదటి స్థానంలో ఉన్న లక్సెంబర్గ్ యువకుడు ఆండీ ష్లెక్ ఒక పెద్ద ఎగుడు మీద ఉన్నట్టుండి వేగం పెంచాడు. అంతలోనే చైను జారిపోయింది! ఆగి చైను ఎక్కించుకునేలోగా స్పెయిన్‌కు చెందిన కొంతదోర్ దాటిపోయాడు. ఆ రోజు ష్లెక్‌కు కలిగిన నష్టం 39 సెకన్లు. చివరికి పారిస్‌లో కొంతదోర్ గెలిచిన తేడా కూడా సరిగ్గా 39 సెకన్లే. (మందుల వ్యవహారంలో 2012లో ఆయన బిరుదు రద్దయి ష్లెక్‌కు దక్కిందనుకోండి, అది వేరే కథ.)

అంతటి మేటి సైకిలుకే చైను తప్పితే మన గేర్ల సైకిలు మాటేమిటి? గేర్ల సైకిలున్న పిల్లలు నా దగ్గరకు తెచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే: "మాస్టారూ, వెనక గేర్లు సుఖంగా మారతాయి, ముందువి మొరాయిస్తాయి. మారినా గరగర!" ఈ తేడా ఎందుకో చూద్దాం.

పందెపు సైకిలుకు పెడళ్ళ దగ్గర సాధారణంగా రెండు పళ్ళచక్రాలుంటాయి. పెద్దదానికి 50, చిన్నదానికి 34 పళ్ళు ఉండటం వాడుక. చైనును ఒకదాని మీద నుంచి ఇంకొకదాని మీదకు నెట్టే సాధనమే ముందు డిరైలర్. పట్టాలు తప్పించేది అని ఆ ఫ్రెంచి మాటకు అర్థం. చూడటానికి ఘనంగా ఏమీ ఉండదు. చైనుకు అటొకటి ఇటొకటి రెండు రేకులు, వాటిని పక్కకు జరిపే వైరు, అంతే.

ఇక్కడొక చిన్న ప్రయోగం. చైను కవరు లేని మామూలు సైకిలు చాలు. వెనక బ్రేకు గట్టిగా పట్టుకోమని మిత్రుడికి చెప్పి, పెడలును ముందుకు అదిమి ఉంచండి. ఇప్పుడు పుల్లతో చైనును తట్టి చూడండి. పైభాగం బిగించిన దండెంలా ఉంటుంది, కిందిభాగం వేలాడుతుంది. వెనక డిరైలర్ పట్టుకునేది ఈ వదులుగా ఉన్న కిందిభాగాన్ని. ముందు డిరైలర్‌కు దక్కింది బిగుసుకున్న పైభాగం! పాపం, దాని పని ఎంత కష్టమో గ్రహించారా?

ఎంత బిగువో లెక్క కట్టవచ్చు. చైనులో ఒక్కొక్క లంకె నిడివి 12.7 మి.మీ. కనుక 34 పళ్ళ చక్రం చుట్టుకొలత సుమారు 432 మి.మీ., వ్యాసార్ధం 69 మి.మీ. పెడలు కడ్డీ పొడవు 170 మి.మీ. అనుకోండి. మీరు 30 కిలోల బరువుతో తొక్కితే, తులాదండ సూత్రం ప్రకారం చైను మీద పడే లాగుడు 30 × 170 ÷ 69, అంటే దాదాపు 74 కిలోలు. 50 పళ్ళ చక్రం మీదైనా 50 కిలోలుంటుంది. ఇంతగా బిగిసిన చైనును పలుచని రేకు పక్కకు నెట్టాలి. అందుకే ఎగుడు సగం ఎక్కాక కాదు, మొదలు కాకముందే గేరు మార్చాలి. మారే క్షణంలో పాదం కాస్త తేలిక చేయాలి, అలాగని తొక్కడం ఆపకూడదు.

మరి గరగర? 11 గేర్ల సైకిలులో వెనక పళ్ళచక్రాల వరుస ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 37 మి.మీ. వెనక గేరు మార్చినప్పుడల్లా చైను వెనక కొస పక్కకు జరుగుతుంది, ముందు కొస మాత్రం కదలదు. సరూప త్రిభుజాలు గుర్తున్నాయా? ముందు నుంచి అయిదో వంతు దూరంలో చైను 37లో అయిదో వంతు, అంటే 7 మి.మీ.కు పైగా జరుగుతుంది. డిరైలర్ రేకుల తోక దాదాపు అక్కడే ఉంటుంది. రేకుల మధ్య మిగిలే ఖాళీ కొద్ది మిల్లీమీటర్లే కనుక చైను ఏదో ఒక రేకును రాసుకుంటుంది.

పాత సైకిళ్ళలో గేరు మీటకు మెట్లు లేవు. శబ్దం విని, మీటను వెంట్రుకవాసి జరిపి సరిచేసుకునేవారు. 1990లో షిమనో సంస్థ గేరు మీటను బ్రేకు మీటలో కలిపాక "టిక్కు టిక్కు" మెట్లు స్థిరపడ్డాయి. అందుకే చాలా మీటల్లో అర టిక్కు ఒకటి పెట్టారు. చక్రం మారదు, రేకులు మాత్రం కొద్దిగా జరుగుతాయి. దీన్నే ట్రిమ్ అంటారు. ఈ సంగతి తెలియక మరలు తిప్పి చెడగొట్టుకునేవారే ఎక్కువ.

మర ముట్టుకునే ముందు శబ్దం వినండి. వెనక చివరి గేర్లలోనే గరగర వస్తే ట్రిమ్ చాలు. అన్ని గేర్లలోనూ వస్తే రేకులు వంకరగానో, వైరు వదులుగానో ఉన్నాయి. పెడలు చుట్టుకొక్కసారి మాత్రమే "కర్" మంటే తప్పు డిరైలర్‌ది కాదు, పళ్ళచక్రమే వంగింది. చైను లోపలికో బయటికో పడిపోతుంటే అప్పుడే హద్దు మరల జోలికి వెళ్ళాలి. పెడలు తిరుగుతుండగా వేళ్ళు మాత్రం దగ్గరకు పోనీయకండి.

2009లో షిమనో తెచ్చిన విద్యుత్ డిరైలర్ వెనక గేరును బట్టి తన రేకులను తానే సర్దుకుంటుంది. కొన్ని సైకిళ్ళలో ముందు ఒకే చక్రం పెట్టి డిరైలర్‌నే తీసేశారు.

మీ సైకిలు ముందు చక్రానికి ఎన్ని పళ్ళున్నాయో లెక్కించండి, పెడలు కడ్డీని స్కేలుతో కొలవండి. మీ బరువంతా ఒక్క పెడలు మీద వేస్తే చైను మీద లాగుడు ఎంత?