ఒక్కసారి చూచిన రక్తపుపోటు నిజము చెప్పునా?

మనుష్యుని రక్తపుపోటు దినమంతయు ఒకే తీరున ఉండదు. మెట్లెక్కినను, కాఫీ త్రాగినను, మనస్సు కలత చెందినను అది హెచ్చును. విశ్రాంతి తీసికొన్నచో తగ్గును. కావున ఒక్కసారి చూచి వ్రాసికొన్న అంకె, ఆ మనుష్యునికి సాధారణముగా నుండు పోటుకంటె ఎక్కువగానో తక్కువగానో ఉండవచ్చును. వేలకొలది ప్రజలను పరీక్షించి వ్యాధికారణములను తేల్చువారికి ఇది పెద్ద చిక్కు. ఏలయన, ఈ పొరపాటువలన అపాయము ఉన్నదానికంటె స్వల్పముగా కనబడును.

అది ఎట్లనగా: మొదటి పరీక్షలో హెచ్చు పోటు గలవారిని ఒక జట్టుగను, తక్కువ పోటు గలవారిని మరియొక జట్టుగను విభజించితిమనుకొందము. ఆ జట్ల సగటుల నడుమ భేదము, మాటవరుసకు, 30 మిల్లీమీటర్లు. హెచ్చు జట్టులో కొందరికి ఆనాడు మాత్రమే పోటు పెరిగియుండును. తక్కువ జట్టులో కొందరికి ఆనాడు మాత్రమే తగ్గియుండును. కొంతకాలమునకు వారినే మరల పరీక్షించినచో జట్లు రెండును దగ్గరకు వచ్చి, భేదము 20 మాత్రమే కావచ్చును. అప్పుడు ఆ జట్లలో పక్షవాతము విషయమున కనబడిన తేడా 30 మిల్లీమీటర్ల ఫలము కాదు, 20 మిల్లీమీటర్ల ఫలమే. అనగా ఒక్కొక్క మిల్లీమీటరు చేయు కీడు మనము తలచినదానికి ఒకటిన్నర రెట్లు. ఈ దిద్దుబాటునకు అందరిని మరల పరీక్షింప నక్కరలేదు. కొందరిని పరీక్షించినను చాలును.

1990లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటితమైన పరిశోధన ఇందుకు నిదర్శనము. అందు 9 పరిశోధనలకు చెందిన సుమారు 4,20,000 మంది వివరములను కూర్చిరి. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణమున 1948లో ఆరంభమైన పరిశోధనలోని మరుపరీక్షల అంకెల సహాయమున లెక్కలను సరిచేసిరి. రక్తపుపోటునకును, పక్షవాత హృద్రోగములకును గల సంబంధము పూర్వపు లెక్కలకంటె సుమారు 60 శాతము బలమైనదని తేలినది. పోటు తెలుపు రెండంకెలలో క్రింది అంకె సాధారణముగా 5 మిల్లీమీటర్లు తక్కువగా నున్నవారిలో పక్షవాతము కనీసము 34 శాతము, హృద్రోగము కనీసము 21 శాతము తక్కువగా నుండెను.

అయితే ఈ పద్ధతి అన్ని పొరపాట్లను దిద్దజాలదు. గాలికి ఊగు త్రాసులో పలుమార్లు తూచి సగటు తీసినచో నిజమైన బరువు తెలియును. తూకపురాయియే తప్పైనచో ఎన్నిమార్లు తూచినను తప్పే. పరీక్షాయంత్రము అందరికిని పది ఎక్కువగా చూపుచున్నచో, దానిని సరియైన యంత్రముతో పోల్చి చూడవలసినదే.

కావున ఆరోగ్య పరిశోధనలకై వచ్చిన కార్యకర్తలు రెండవమారు పరీక్షింప కోరినప్పుడు, “మొన్ననే చూచితిరి గదా!” యని విసుగుకొనరాదు. పరీక్షకు అరగంట ముందునుండి కాఫీ, టీ, పొగాకు మాని, ఐదు నిమిషములు ప్రశాంతముగా కూర్చుండవలెను. మీరిచ్చు ఆ రెండవ అంకెయే మొదటి అంకెలోని లోపమును తెలుపును. దానివలన దేశమునకు వ్యాధిభారము యొక్క సరియైన కొలత లభించును.