రెండో కారా, రోడ్డు బైకా?

బైకు అంటే మనకు మోటారు సైకిలు. అమెరికాలో బైకు అంటే మామూలు సైకిలే. "మా మేనేజరు రోజూ బైకు మీద వస్తాడు" అని ఇంటికి ఫోను చేసి చెబితే, అవతల నాన్నగారు బుల్లెట్టుని ఊహించుకుంటారు. మన ఊళ్ళలో సైకిలు, బండి కొనే స్తోమత లేనివాళ్ళ వాహనం. గంటకింత అని అద్దెకు తెచ్చుకుని, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నాం మనలో చాలామందిమి. అందుకే మంచి జీతం వస్తున్నా, సైకిలు మీద ఆఫీసుకు వెళ్ళడమంటే ఎక్కడో కాస్త మొహమాటం.

మొహమాటం పక్కనబెట్టి లెక్క చూద్దాం. లోను, ఇన్సూరెన్సు, పెట్రోలు, తరుగుదల అన్నీ కలిపి కొత్త కారుకు ఏడాదికి సగటున 12 వేల డాలర్ల పైచిలుకు అవుతుందని ట్రిపుల్-ఏ సంస్థ 2024లో లెక్కగట్టింది. మేముండేది సన్నీవేల్‌లో. ఉన్న ఒక్క కారూ మా ఆవిడ ఆఫీసుకూ, పాప డేకేరుకూ సరిపోతుంది. నా క్లయింటు ఆఫీసు శాంటా క్లారాలో, ఆరు మైళ్ళ దూరం. ఆరు నెలల కాంట్రాక్టు కోసం అయిదేళ్ళ కారు లోను నెత్తికెత్తుకోవడం ఏ లెక్కలోనూ నాకు కుదరలేదు. మీలో చాలామంది పరిస్థితీ ఇదే అయి ఉంటుంది.

డబ్బుతో పాటు ఆరోగ్యం సంగతి కూడా ఉంది. అమెరికాలోని దక్షిణాసియా వాళ్ళకి గుండెజబ్బుల ముప్పు ఎక్కువని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2018లో ప్రత్యేకంగా ఒక నివేదికే ఇచ్చింది. మౌంటెన్ వ్యూలోని ఎల్ కమీనో హాస్పిటల్లో మనవాళ్ళ కోసమే 2006 నుంచీ ఒక హార్ట్ సెంటర్ ఉంది. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగంలో, జిమ్ముకు విడిగా టైము దొరకనివాళ్ళకి ఆఫీసు దారే వ్యాయామం అయితే అంతకంటే కావలసిందేముంది?

ఇక బైకు ఎంచుకోవడం. అన్నిటికన్నా ముందు చూడవలసింది సైజు. తయారీదారు ఇచ్చే పట్టికలో స్టాక్, రీచ్ అని రెండు అంకెలుంటాయి. ఈ స్టాక్ మన డేటా స్ట్రక్చరు కాదు లెండి. పెడల్ ఇరుసు నుంచి హాండిల్ మెడ ఎంత ఎత్తులో ఉందో స్టాక్ చెబుతుంది, ఎంత ముందుకు ఉందో రీచ్ చెబుతుంది. పందేల బైకుల్లో స్టాక్ తక్కువ, రీచ్ ఎక్కువ. నడుం బాగా వంచి తొక్కాలి. ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకి "ఎండ్యూరెన్స్" రకం నయం. తల ఎత్తి ట్రాఫిక్కు చూడగలగాలి కదా.

రెండోది గేర్లు. షిమానో కంపెనీ రోడ్డు గేర్లలో కింది మెట్టు క్లారిస్ (వెనక 8 చక్రాలు), ఆపైన సోరా (9), టియాగ్రా (10), వన్-ఓ-ఫైవ్. మొదటి బైకుకి క్లారిస్ ధారాళంగా సరిపోతుంది. ముందు 34 పళ్ళు, వెనక 34 పళ్ళు ఉంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, అంటే సుమారు 2.1 మీటర్లు. ముందు 50, వెనక 11 అయితే అదే చుట్టుకి తొమ్మిదిన్నర మీటర్లు. మొదటిది ఫ్లైఓవరు ఎక్కడానికి, రెండోది దిగడానికి.

మూడోది చోటు. కనీసం 32 మిల్లీమీటర్ల టైరు పట్టాలి, మడ్‌గార్డులకీ వెనక కారియరుకీ ఫ్రేములో మర బెజ్జాలుండాలి. లాప్‌టాప్ వీపుకి కాకుండా కారియరుకి తగిలిస్తే చొక్కా తడవదు. ఫ్రేము అల్యూమినియమైనా, స్టీలైనా ఫరవాలేదు. కార్బన్ ఫైబరు జోలికి ఇప్పుడే వెళ్ళనక్కరలేదు.

కొత్తదైతే వెయ్యి డాలర్ల చుట్టుపక్కల పడుతుంది. మంచి సెకండ్ హాండ్‌ది అందులో సగానికే దొరుకుతుంది. కాకపోతే పాతవాటిలో బాక్‌వర్డ్ కంపాటిబిలిటీ గొడవ ఒకటుంది. 1970లు, 80ల నాటి చాలా బైకులకి 27 అంగుళాల చక్రాలు. రిమ్ము మీద టైరు కూర్చునేచోట వ్యాసం 630 మిల్లీమీటర్లు. ఇప్పటి 700-సి చక్రాలకి అది 622. ఆ ఎనిమిది మిల్లీమీటర్ల తేడా వల్ల ఒకదాని టైరు రెండోదానికి పట్టదు. ఇలాంటి సంగతులన్నీ మసాచుసెట్స్‌లోని మెకానిక్కు షెల్డన్ బ్రౌన్ ఓపిగ్గా రాసిపెట్టాడు. ఆయన 2008లో పోయినా ఆ రాతలు ఇప్పటికీ సైకిలువాళ్ళకి మాన్యువల్లా పనికొస్తున్నాయి.

పాతది చూడబోయినప్పుడు చక్రం గాలిలో తిప్పి వంకర ఉందేమో చూడండి. హాండిలు కిందుగా ఫ్రేము గొట్టం మీద పగుళ్ళున్నాయేమో వేలితో తడమండి. పెడల్ ఇరుసు కింద ఉండే సీరియల్ నంబరుని బైక్ ఇండెక్స్ రిజిస్ట్రీలో వెతకండి. దొంగ సరుకు కొంటే బేరం కలిసొచ్చినట్టు కాదు.

దొంగల మాటొచ్చింది కాబట్టి తాళం. 2004లో క్రిప్టోనైట్ కంపెనీ గొట్టపు తాళాలు మామూలు బాల్‌పెన్నుతో తెరుచుకుంటాయని బయటపడింది. కంపెనీ ఆ తాళాలని ఉచితంగా మార్చి ఇవ్వవలసి వచ్చింది. సెక్యూరిటీ ప్యాచ్ అన్నమాట! ఆ తరవాత తాళంచెవి డిజైనే మారిపోయింది. తేలిగ్గా తెగే తీగ తాళం కాకుండా గట్టి యు-లాక్ కొని, చక్రంతో పాటు ఫ్రేముని కూడా స్టాండుకి కలిపి వెయ్యండి. హెల్మెట్టు, లైట్లు, తాళం, పంపు, మడ్‌గార్డులు కలిపి మరో రెండువందల డాలర్లు మొదటే పక్కన పెట్టుకోవాలి.

లైట్లు విలాసం కాదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం చీకట్లో ముందు తెల్ల దీపం 300 అడుగుల దూరానికీ, వెనక ఎర్ర రిఫ్లెక్టరు 500 అడుగుల దూరానికీ కనిపించాలి. సైకిలుని దాటే కారు కనీసం మూడడుగుల ఎడం ఇవ్వాలన్న నియమం 2014 సెప్టెంబరులో వచ్చింది. 2023 నుంచి, వీలున్నచోట పక్క లేనుకి మారి మరీ దాటాలి. అయినా చట్టం మీద భారం వేసి కూర్చోకండి. రద్దీ రోడ్డు కన్నా ఒక మైలు ఎక్కువైనా శాన్ తోమస్ అక్వినో వాగు పక్క దారి లాంటివి ఎంచుకోవడం మంచిది. ఇల్లు కదిలేముందు ఇంట్లోవాళ్ళకి ధైర్యంగా ఉండాలి కదా! దూరం మరీ ఎక్కువైతే సగం దారి కాల్‌ట్రెయిన్‌లో వెళ్ళవచ్చు, అందులో సైకిళ్ళకి ప్రత్యేకం పెట్టెలున్నాయి.

కొనేముందు పని ఒకటి మిగిలింది. ఓ ఆదివారం పొద్దున్న స్నేహితుడి సైకిలో, అద్దెదో తీసుకుని మీ ఆఫీసు దాకా ఒకసారి వెళ్ళి రండి. ఎక్కడ గుంటలున్నాయో, ఏ సిగ్నలు దగ్గర ఎంతసేపు ఆగాలో, ఆఫీసులో సైకిలు పెట్టుకునే చోటుందో లేదో తెలుస్తుంది. ఆ గంటలో తెలిసేది ఏ పట్టికలోనూ దొరకదు.