ముందు వెచ్చదనం, ఆ తర్వాతే పాలు

చెన్నైలో ఈశాన్య రుతుపవనాలు కురిసే అక్టోబరు-డిసెంబరు నెలల్లో, ఆగి ఉన్న కార్ల కింద, అపార్టుమెంట్ల మోటారు గదుల్లో పిల్లికూనల అరుపులు వినిపిస్తుంటాయి. పిల్లి ఎప్పుడు ఎదకు రావాలో నిర్ణయించేది పగటి నిడివి. పగలు బాగా కురచయ్యే చలిదేశాల్లో శీతాకాలంలో వీధిపిల్లులు ఈనడం అరుదు. చెన్నై ఉన్నది 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఇక్కడ డిసెంబరులో కూడా పగలు పదకొండు గంటలు దాటుతుంది. అందుకే ఏడాది పొడవునా కూనలు పుడుతూనే ఉంటాయి, వాటిలో కొన్ని సరిగ్గా వానల పాలబడతాయి.

కూన ఒంటరిగా కనబడగానే ఎత్తుకొచ్చేయకూడదు. తల్లి తిండికి వెళ్ళి ఉండవచ్చు, పిల్లల్ని ఒక్కొక్కటిగా వేరే చోటికి మారుస్తూనూ ఉండవచ్చు. కూన పొట్ట నిండుగా, ఒళ్ళు శుభ్రంగా ఉంటే దూరంగా నిలబడి కొన్ని గంటలు గమనించడమే మేలు. ఎంత శ్రద్ధ ఉన్నా మనం తల్లికి సాటి రాలేం. ఒళ్ళు చల్లబడి, కళ్ళు పుసికట్టి, ఈగలు ముసురుతున్న కూన విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు.

అలాంటి దాన్ని ఇంటికి తేగానే జాలికొద్దీ పాలు పడతారు. చాలాసార్లు దాని ప్రాణం మీదికి తెచ్చేది ఆ పాలే. పెద్ద పిల్లి ఒంటివేడి 38-39 డిగ్రీల సెల్సియస్. పుట్టిన వారంలోపు కూనకు అంతకంటే రెండు మూడు డిగ్రీలు తక్కువే ఉంటుంది. కండరాలను వణికించి వేడి పుట్టించుకునే శక్తి కూడా దానికి అప్పటికి రాదు. చెన్నైలో చలేమిటి అనుకుంటాం గానీ, పసికూన పడుకునే చోట 30 డిగ్రీలకు తగ్గకుండా వేడి ఉండాలి. తడిసిన బొచ్చుతో 24 డిగ్రీల వానరాత్రి గడపడమంటే దానికి గడ్డకట్టే చలే. ఒళ్ళు చల్లబడితే పేగుల కదలిక మందగిస్తుంది. పట్టిన పాలు అరగక పొట్టలో నిలిచిపోతాయి, కక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాబట్టి ముందు తడి తుడవాలి. వేడినీళ్ళ సీసాను తువ్వాలులో చుట్టి అట్టపెట్టెలో ఒక పక్కన పెట్టాలి. వేడి ఎక్కువనిపిస్తే కూన జరగడానికి రెండో పక్క ఖాళీగా ఉండాలి. ఒళ్ళు నెమ్మదిగా వేడెక్కి, కూన కదలడం మొదలుపెట్టాకే పాల సంగతి.

ఆ పాలు కూడా ఆవుపాలు కాకూడదు. పిల్లిపాలలో మాంసకృత్తులు ఆవుపాలకు దాదాపు రెట్టింపు, లాక్టోజ్ తక్కువ. ఆవుపాలతో విరేచనాలు పట్టుకుంటే అంత చిన్న ఒంట్లో నీరు ఇంకిపోవడానికి ఒక పూట చాలు. పిల్లికూనల పాలపొడి పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది. పట్టే తీరు కూడా ముఖ్యం. పసిబిడ్డను కాళ్ళమీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పట్టినట్టు కూనకు పట్టకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి దగ్గర తాగినట్టే అది బోర్లా ఉండాలి. మూడు వారాలలోపు కూన తనంతట తాను మూత్రం పోయలేదు. తల్లి నాకినట్టు తడి దూదితో మెల్లగా తుడిస్తేనే పోస్తుంది. రోజూ తూకం వెయ్యండి. పుట్టినప్పుడు వంద గ్రాముల చుట్టూ ఉండే కూన రోజుకు కనీసం పది గ్రాములు పెరగాలి. పెరుగుదల ఆగిందంటే, పైకి హుషారుగానే కనిపిస్తున్నా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. వేపేరిలో 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాలకు అనుబంధంగా ఆసుపత్రి ఉంది. 1959లో కెప్టెన్ వి. సుందరం, ఉషా సుందరం దంపతులు స్థాపించిన జంతు సంక్షేమ సంస్థ బ్లూ క్రాస్ కూడా ఈ నగరంలోదే.

ఇంట్లో ఉన్న మాత్రలు మాత్రం వెయ్యొద్దు. పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో చాలినంత ఉండదు. కూన దాకా ఎందుకు, ఒక్క మాత్ర పెద్ద పిల్లినే చంపగలదు. కుక్కల గోమార్లకు వాడే పర్మెత్రిన్ కూడా పిల్లికి విషమే.

పాలు మానాక పెరుగన్నంతో పెంచుదామనుకునే ఇళ్ళు చెన్నైలో చాలా ఉన్నాయి. ప్రేమతో పెట్టేదే అయినా అది చాలదు. టారిన్ అనే పోషకాన్ని పిల్లి శరీరం తగినంత తయారు చేసుకోలేదు, ఆహారం నుంచే, ముఖ్యంగా మాంసం నుంచి తీసుకోవాలి. అది లోపిస్తే కంటి రెటీనా దెబ్బతింటుందని 1975లో, గుండె కండరం బలహీనపడుతుందని 1987లో పరిశోధకులు తేల్చారు. ఇంట్లో మాంసం వద్దనుకునేవారు టారిన్ కలిపిన పిల్లి ఆహారం కొని పెట్టవచ్చు.

కుక్కకున్న విశ్వాసం పిల్లికి ఉండదని మనవాళ్ళు అంటారు. నేనిది ఒప్పుకోను. రెండో వారం నుంచి ఏడో వారం దాకా కూన మెదడు ఎవరిని నమ్మాలో నేర్చుకుంటుంది. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ 1980లలో దీన్ని పరీక్షించారు. మూడో వారం నుంచే మనుషులు చేతుల్లోకి తీసుకున్న కూనలు, ఏడో వారంలో ఆ అలవాటు మొదలైన వాటికంటే మనుషులకు ఎక్కువ దగ్గరయ్యాయి. జబ్బుకూనకు సరిగ్గా ఈ వారాల్లోనే సేవ అందుతుంది. పాలు పట్టడం, తుడవడం, కళ్ళు కడగడం, తూచడం, మందు వెయ్యడం, రోజంతా ఎవరో ఒకరి చెయ్యి తగులుతూనే ఉంటుంది. ఆరోగ్యంగా తల్లి దగ్గర పెరిగే వీధికూనకు మనిషి స్పర్శ ఇంతగా దొరకదు. జబ్బుపడి బతికిన పిల్లి మనిషిని వదలకపోవడానికి ముఖ్యమైన కారణం ఇదేనని నా నమ్మకం.

ఆ బంధాన్ని కొలిచినవారూ ఉన్నారు. 2019లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో క్రిస్టిన్ విటాలే బృందం కూనలను పెంచేవారితో రెండు నిమిషాలు ఉంచి, రెండు నిమిషాలు ఒంటరిగా వదిలి, మళ్ళీ కలిపింది. 64 శాతం కూనలు మనిషిని చూడగానే కుదుటపడి, గదిని తిరిగి చూడసాగాయి. చంటిపిల్లల్లో చేసిన ఇటువంటి పరీక్షల్లోనూ నిష్పత్తి దాదాపు ఇంతే.

తోబుట్టువులు లేకుండా ఒంటరిగా పెరిగిన కూనకు ఒక చిక్కుంది. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పి పుడుతుందో నేర్పేవారు దానికుండరు. అందుకే చేతివేళ్ళు చూపించి ఆడించకూడదు. దారానికి గుడ్డపీలిక కట్టి ఆడించాలి, ఆట అయ్యాక దారాన్ని దానికి అందకుండా దాచెయ్యాలి, మింగితే పేగులకు చుట్టుకుంటుంది. వీలైతే అదే వయసు కూన మరొకదాన్ని, టీకాలు వేయించి, తోడు తేవచ్చు.