అసెంబుల్డ్ పీసీ కొంటున్నారా? కొటేషన్‌లో ఈ ఐదు లైన్లు చూశాకే డబ్బులు కట్టండి

పీసీ కొనే ముందు మా కాలేజీ జూనియర్లు కొటేషన్ ఫోటో తీసి నాకు వాట్సాప్ చేస్తుంటారు. అందులో ప్రాసెసర్ మోడల్ నంబర్‌తో సహా ఉంటుంది. కిందికి వచ్చేసరికి "16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 500 వాట్స్ ఎస్‌ఎంపీఎస్" అంతే. కంపెనీ ఉండదు, మోడల్ ఉండదు. సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఇంకెక్కడ కొన్నా మన డబ్బులు పోయేది ఆ లైన్ల దగ్గరే. ఒక్కోటి చూద్దాం.

1. ప్రాసెసర్: పేరు చివరి అక్షరం చూడండి. కోర్ ఐ5 12400లో గ్రాఫిక్స్ లోపలే ఉంటాయి, 12400ఎఫ్‌లో ఉండవు. రైజెన్ 5 5600లోనూ ఉండవు, 5600జీలో ఉంటాయి. గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ తీసుకుని విడిగా కార్డ్ పెట్టకపోతే మానిటర్‌లో బొమ్మే రాదు. కోడింగ్, సినిమాలే మీ పనైతే గ్రాఫిక్స్ ఉన్నదే తీసుకోండి.

2. మదర్‌బోర్డ్: రేపు ఏం మార్చుకోగలరో డిసైడ్ చేసేది ఇదే. ఏఎండీ ఏఎం5 బోర్డుల్లో డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 బోర్డులు డీడీఆర్4, డీడీఆర్5 రెండు రకాలుగానూ వస్తాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదాని స్లాట్‌లో అసలు కూర్చోదు. ర్యామ్ స్లాట్లు రెండా, నాలుగా కూడా అడగండి.

3. ర్యామ్: 16 జీబీ అంటే ఒకే స్టిక్కా, 8 జీబీవి రెండా? రెండు స్టిక్స్ ఉంటే డ్యూయల్ చానల్‌లో పనిచేస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేని పీసీలో గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్‌ని వాడుకుంటాయి కాబట్టి, గేమ్స్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

4. ఎస్‌ఎస్‌డీ: సాటా అయితే సెకనుకి దాదాపు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. పీసీఐఈ 3.0 ఎన్‌వీఎంఈలో మంచివి 3,500 ఎంబీ వరకు వెళ్తాయి. ఇక్కడో మెలిక ఉంది. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే, ఎం.2లో సాటావి కూడా ఉన్నాయి. అందుకే "ఎన్‌వీఎంఈ" అన్న మాట కొటేషన్‌లో ఉండాలి.

5. ఎస్‌ఎంపీఎస్: "క్యాబినెట్‌తో ఫ్రీ" అంటే కాస్త ఆగండి. గోడ నుంచి వచ్చే కరెంట్‌ని 12, 5, 3.3 వోల్ట్‌ల డీసీగా మార్చి అన్ని పార్ట్స్‌కీ ఇచ్చేది ఇదే. నాసిరకానిది పోతే బోర్డునీ వెంట తీసుకుపోవచ్చు. పెట్టె మీది వాట్స్ నమ్మకుండా లేబుల్‌లో 12 వోల్ట్ లైన్‌కి ఎన్ని వాట్స్ ఇచ్చారో చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ ప్రధానంగా వాడుకునేది దాన్నే. 80 ప్లస్ గుర్తు కరెంట్ ఎంత ఆదా అవుతుందో చెబుతుంది కానీ, అదొక్కటే సేఫ్టీకి గ్యారంటీ కాదు. వారంటీ ఎన్నేళ్లో కూడా అడగండి.

బడ్జెట్ సరిపోకపోతే ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గించుకోండి, ఎస్‌ఎంపీఎస్ మాత్రం తగ్గించొద్దు. ప్రతి లైన్‌కీ కంపెనీ, మోడల్ రాయించుకోండి, బిల్లులో సీరియల్ నంబర్లు వేయించుకోండి. రాసివ్వనంటే పక్క షాపు ఉండనే ఉంది.