2+1+1 లెక్క అందరికీ కుదరదు

3.78 శాతం. 2021లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నిఘా సర్వేలో హిజ్రా, ట్రాన్స్‌జెండర్ మహిళల్లో తేలిన హెచ్‌ఐవీ లెక్క ఇది. అదే ఏడాది దేశంలోని వయోజనులందరిలో అంచనా 0.21 శాతమే. అంటే 18 రెట్లు తేడా. పైగా సర్వే జరిగింది స్వచ్ఛంద సంస్థల పరిధిలోకి వచ్చినవాళ్లతో. ఏ సంస్థ గడపా తొక్కనివాళ్లు ఇందులో లేరు. హెచ్‌ఐవీ నివారణకు మొబైల్ యాప్ ఎవరికోసమైనా కావాలంటే ముందు వాళ్లకోసమే.

ఆ యాప్ ఎలా ఉండాలో తెలియాలంటే హైదరాబాద్‌లోని నారాయణగూడ వైపు చూడాలి. 2021 జనవరిలో అక్కడ ట్రాన్స్‌జెండర్ల కోసం మిత్ర్ క్లినిక్ తెరిచారు. డబ్బు అమెరికా సాయం, నిర్వహణ జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం. హార్మోన్ల సలహా, మనసు బాగోలేనప్పుడు కౌన్సెలింగ్, వాటితోపాటే హెచ్‌ఐవీ పరీక్ష. ఉత్త పరీక్షా కేంద్రమని బోర్డు పెడితే ఎంతమంది మెట్లెక్కేవారు? యాప్ మొదటి తెర మీద కూడా ముందు హార్మోన్ల మాటే ఉండాలన్నది నా అభిప్రాయం. 2025 జనవరిలో అమెరికా నిధులు ఆగి హైదరాబాద్, కల్యాణ్, పుణెల్లోని మిత్ర్ క్లినిక్‌లు మూడూ మూతపడ్డాయి. అప్పటికి 5 వేల మంది దాకా వాటి సాయం పొందారు. హైదరాబాద్ క్లినిక్ తర్వాత టాటా ట్రస్ట్స్ చేయూతతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది.

ఇక మందు లెక్క. హెచ్‌ఐవీ సోకకుండా ముందే వేసుకునే మాత్రలను ప్రెప్ అంటారు. పురుషులకు ఓ దగ్గరి దారి ఉంది: కలయికకు 2 నుంచి 24 గంటల ముందు 2 మాత్రలు, మొదటి మోతాదు నుంచి 24 గంటలకు 1, 48 గంటలకు 1. ఈస్ట్రోజెన్ తీసుకుంటున్న ట్రాన్స్ మహిళలకు ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేయదు. వాళ్లకు రోజూ మాత్రే. గే పురుషుల యాప్‌కు రంగు మార్చి ఇచ్చేస్తే ఈ ఒక్క లెక్క చాలు, మనిషికి ముప్పు తేవడానికి. ప్రెప్ వేసుకుంటే హార్మోన్లు పనిచేయవన్న భయంతో మాత్రలు మానేసేవాళ్లూ ఉంటారు. హార్మోన్లకు ఢోకా లేదని యాప్ అక్కడే, తెలుగులో, చెప్పాలి.

పేర్ల సంగతి మరీ సున్నితం. నిజాం కాలపు 1329 ఫస్లీ సంవత్సరపు చట్టం హైదరాబాద్‌లో ఈ సమాజపు పేర్లు, చిరునామాలు రిజిస్టర్‌లో రాయించింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో! ఇక గ్రైండర్ అనే డేటింగ్ యాప్, తనను వాడేవాళ్ల హెచ్‌ఐవీ వివరాలను బయటి కంపెనీలకు పంపిందని 2018లో బయటపడింది. ఆ రెండూ తెలిసినవాళ్లు యాప్‌లో ఆధార్ అడిగితే అక్కడే తీసి పారేస్తారు. అందుకే అసలు పేరు అడక్కూడదు. ఒకే గదిలో నలుగురుండే చోట తెర మీద ‘ప్రెప్ వేసుకోండి’ అని వెలగకూడదు, ‘నీళ్లు తాగావా?’ అంటే సరిపోతుంది.

ఎయిర్‌పోర్టు పక్కన మామిడిపల్లి నుంచి నారాయణగూడ క్లినిక్ దాదాపు 20 కిలోమీటర్లు, అర్ధరాత్రి అవసరమొస్తే అంత దూరం వెళ్లడం కష్టం. కండోమ్ చినిగిన రాత్రి దగ్గర నుంచి 72 గంటల్లోపు, సోకే ముప్పు ఎదురయ్యాక వేసుకునే పెప్ మందు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి, ఎంత తొందరగా అయితే అంత మేలు. కాబట్టి యాప్ పాఠాలు చెప్పకుండా ఇంకా ఎన్ని గంటలున్నాయో చూపించి, ఈ వేళప్పుడు తెరిచి ఉండే ఆస్పత్రి ఎక్కడో చెప్పి, ఉచిత హెల్ప్‌లైన్ 1097కు ఒక్క నొక్కుతో కలపాలి.